ముప్పై ఏడు డిగ్రీలు

మొయినాబాద్ నుంచి అంజిలయ్య
గోనెసంచిలో గులాబీ మొదళ్లు తెచ్చి
రాజేంద్రనగర్‌లో మా ల్యాబు గుమ్మంలో గుమ్మరించాడు.
ఒక్కో మొదలుకీ ఒక్కో బుడిపె,
కొన్ని కందగడ్డంత,
కొన్ని మేకపిల్ల మోకాలంత.
"మొక్కలకు గవదలొచ్చినయ్ మేడం" అన్నాడు.
గుడిమల్కాపూర్ మార్కెట్టుకి
రెండు నెలలుగా ఆయన బుట్ట పోలేదు.

నా ఉద్యోగం చిన్నది.
గాజుపళ్లేలు కడగాలి, ఉడకబెట్టాలి,
పొద్దునా సాయంత్రమూ
క్రిములుండే అలమారా వేడి ఎంతో
రిజిస్టర్లో రాయాలి.
ఇరవై ఎనిమిది. ఇరవై ఎనిమిది. ఇరవై ఎనిమిది.
పదకొండేళ్ల నా దస్తూరీ అంతా ఆ ఒక్క అంకే.

బుడిపెలోంచి తీసిన క్రిమి
పళ్లెంలో గంజిచుక్కల్లా మెరిసింది.
"దీని సొంత ఒంట్లో పెద్ద విషమేం లేదు బాలమణీ"
అంది సబీహా మేడం,
"పక్కన ఒక ఉంగరం తిరుగుతుంటుంది,
ప్లాస్మిడ్ అంటాం.
రోగం రాసుంది అందులో."

సాయంత్రం బస్సులో కడ్డీ పట్టుకుని అదే ఆలోచన.
అంటుకత్తి గాటు పడుతుంది.
గాయంలో ఊరిన రసం జాడ పట్టి
క్రిమి వస్తుంది.
ఉంగరంలోని ఒక తునక
మొక్క కణంలోకి జారుతుంది.
ఇక మొక్క
తన చేతిరాతలోనే
ఎవరిదో మాట రాసుకుంటుంది.
పెరగమంటే పెరుగుతుంది,
చాలు అనేవాళ్లుండరు.
వండమన్న కూడు వండుతుంది,
తనకి అరగని కూడు,
ఆ ఉంగరం తొడిగినవాళ్లకే అరిగే కూడు.
మెహదీపట్నంలో దిగాల్సినదాన్ని
దాటిపోయాను.

మే రెండో వారంలో
ట్రాన్స్‌ఫార్మర్ పేలింది,
అలమారా చల్లదనం పోయింది.
మెకానిక్ రేపొస్తానన్నాడు.
హైదరాబాదులో రేపంటే
మీకు నేను చెప్పేదేముంది.
పది రోజులు గది వేడే దాని వేడి.
ముప్పై ఏడు. ముప్పై ఏడు.
ఒక్కరోజు మాత్రం భయమేసి
ఇరవై ఎనిమిదని రాసి,
కొట్టేసి,
నిజం రాశాను.
ఆ కొట్టివేత ఇంకా ఉంది, చూసుకోండి.

క్రిమి చావలేదు.
అదే తెలుపు, అదే నిగనిగ.
టమాటా కాండానికి సూదితో గుచ్చి
దాన్ని రుద్ది నెల చూశాం.
గాటు మానింది, మచ్చ మిగిలింది,
బుడిపె రాలేదు.
జెల్లు మీద నారింజ వెలుగులో
పైన ఉండాల్సిన గీత
లేదు.
గిన్నెలు తోముతుంటే జారిపోయిన ఉంగరం,
ఏ తూములో పోయిందో.
మేడం నన్ను తిట్టలేదు,
ఆ పేజీ జిరాక్స్ తీయించింది.

తర్వాత ఆ సాధువునీ
ఉంగరమున్న దాని అన్ననీ
ఒకే పళ్లెంలో, ఆ కూడు కాస్త చల్లి,
ఒక రాత్రి పడుకోబెట్టాం.
తెల్లారి చూస్తే
సాధువు వేలికి ఉంగరం.
దొంగతనం కాదు.
ఇచ్చినవాడి దగ్గరా ఉంది,
పుచ్చుకున్నవాడి దగ్గరా ఉంది.
అలా తరగకుండా పంచుకునేది
మా బస్తీలో పుకారొక్కటే.

అంజిలయ్య మళ్లీ వచ్చాడు.
"ఎండకు దాని గుణం పోయిందట గదా,
మల్ల మంచిదైనట్టేనా?"
"పక్కోడు ఇచ్చేదాకా" అన్నాను.
ఆయన నవ్వలేదు.
కాసేపు గోడ కేసి చూసి
జేబులోంచి అంటుకత్తి తీసి బల్ల మీద పెట్టాడు.
కొమ్ము పిడి, అరిగి నెలవంకైన అంచు.
"నాలుగు తోటలకు గిదొక్కటే తిరుగుతది."

స్పిరిటు దీపం వెలిగించాను.
మంటలో అంచు ముందు నల్లబడి
తర్వాత ఎర్రబడింది.
"మొక్కమొక్కకీ ఇట్లనే కాల్చాలె" అన్నాను,
నాకూ ఆయన యాసే వచ్చేసి.
"మూడువేల మొక్కలమ్మా."
"మూడువేల సార్లు."

కత్తి చల్లారేదాకా
ఇద్దరం మాట్లాడుకోలేదు.
ఆ పూట రిజిస్టర్లో
అంకె వేయటం మర్చిపోయాను.